చల్లారిన మెషిన్‌ను లేపడం

నేను ముప్ఫై రెండో ఏట రిటైరయ్యాను. సభ జరగలేదు, శాలువా కప్పలేదు, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఎవరూ లేచి నిలబడలేదు. 2003లో బిలాస్‌పూర్‌లో ఒక చిన్న కంప్యూటర్ సర్వీసు సంస్థలో చేరాను. 2010లో స్క్రూడ్రైవర్ల సంచీ అప్పజెప్పి బయటికి వచ్చాను. ఇప్పుడు ఆ పక్క ఊరు కోటాలో మా మామయ్య ఎరువుల కొట్టు చూసుకుంటున్నాను. బస్తాను సాయంత్రం ఎక్కడ పెడితే పొద్దున్న అక్కడే, అలాగే ఉంటుంది. దాన్ని లేపక్కర్లేదు. ఏడేళ్ళు కంప్యూటర్లను లేపినవాడికి ఇది ఎంత విశ్రాంతో మాటల్లో చెప్పలేను.

నా స్థానంలో చేరిన ఇంజినీరు ఈ మధ్య ఫోన్ చేసి, ఈ పనిలో ముందుగా ఏం నేర్చుకోవాలో రాసిపెట్టమన్నాడు. జాబితాలంటే నాకు ప్రాణం. పద్దెనిమిది అంశాలు రాశాను. మర్నాడు చదివితే వాటిలో పదహారు ఏ పుస్తకంలోనైనా దొరికేవే. కొట్టేశాను. మిగిలిన రెండూ నా తప్పుల్లోంచి వచ్చినవి. అందుకే పుస్తకాల్లో లేవు.

లేవడం అంటే ఏమిటి

మా సంస్థకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "లేవడం లేదు." ఏది లేవడం లేదో చెప్పరు. చెప్పినా అది కాదు. కాబట్టి లేవడమంటే ఏమిటో ముందు తెలియాలి.

స్విచ్ వేయగానే కంప్యూటర్‌లో ముందు లేచే పెద్ద ప్రోగ్రాం పేరు కెర్నెల్. ఇంటి పెద్ద అనుకోండి. అది లేచి ఒక్కొక్క పరికరాన్నీ లేపుతుంది. కీబోర్డు, డిస్కు, నెట్‌వర్క్ కార్డు, ఇలా. వీటిలో కొన్నిటికి సొంత బుర్ర ఉంటుంది గానీ జ్ఞాపకం ఉండదు. కరెంటు తీసేస్తే నిన్న నేర్చుకున్నదంతా మరిచిపోతాయి. నీ పని ఇలా చేసుకో అని చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి రోజూ పొద్దున్నే వాటి చేతిలో పెట్టాలి. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. అది డిస్కు మీద ఒక ఫైలుగా ఉంటుంది.

చిక్కు ఇక్కడే. కెర్నెల్ కొన్నిసార్లు డిస్కు తెరవకముందే కార్డును లేపేస్తుంది. కార్డు లేచీ లేవగానే ఫర్మ్‌వేర్ అడుగుతుంది. ఫైలేమో ఇంకా తెరవని డిస్కులో ఉంది. అందరికంటే ముందు డ్యూటీకి వచ్చిన రైలు గార్డుకు జెండా, లాంతరు ఇవ్వాల్సిన స్టోరు ఇంకా తాళం వేసి ఉన్నట్టు. కెర్నెల్ అరవై సెకన్లు ఎదురుచూసి, "దొరకలేదు" అని ఒక వాక్యం రాసుకుని, కార్డును వదిలేసి ముందుకు పోతుంది.

కార్డును నడిపే ప్రోగ్రాంకు డ్రైవర్ అని పేరుంది. రైల్వే ఊళ్ళో ఆ మాట వాడితే రైలింజను నడిపేవాడనుకుని "ఏ షెడ్డు?" అని అడుగుతారు. అందుకని ఇక్కడ వాడను.

ఇదంతా ఇప్పుడు తేలిగ్గా చెబుతున్నాను. 2009 దాకా ఇందులో సగమే తెలుసు నాకు. తెలియని సగం ఎక్కడుందో కూడా తెలియదు.

తెలిపారాలో ఒక నిమిషం

బిలాస్‌పూర్‌లోనే తెలిపారా అనే పేటలో ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్ లేవడానికి మామూలు కంటే ఒక నిమిషం ఎక్కువ పట్టేది. చూస్తే లోపల ఎవరూ వాడని వీడియో కార్డు ఒకటుంది. దాని ఫర్మ్‌వేర్ ఫైలు డిస్కులో అసలు లేదు. కెర్నెల్ రోజూ పొద్దున్నే దానికోసం అరవై సెకన్లు ఎదురుచూసి, నిరాశపడి, లేచేది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. వేరే పని మీద వెళ్ళిన నేనే కనిపెట్టి, ఆ కార్డును పట్టించుకోవద్దని కెర్నెల్‌కు చెప్పి, నిమిషం మిగిల్చి, గర్వంగా వచ్చేశాను.

మర్నాడు యజమాని ఫోన్. "క్యా కర్ దియా భాయ్?" అంటూ, ఏం చేసి పోయావని కేకలు. ఏమైందంటే, ఆయన రోజూ స్విచ్ వేసి, ఆ నిమిషంలో దేవుడి పటానికి దండ మార్చి, అగరుబత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేవాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ లేచేది. ఇప్పుడు దండ చేతిలో ఉండగానే లేచిపోతోంది. దేవుడికంటే ముందు లేచిన మెషిన్‌తో వ్యాపారం ఎలా చేస్తానని ఆయన ప్రశ్న.

వెళ్ళి, మొదట్లో ఊరికే అరవై సెకన్లు ఆగేలా చేసి వచ్చాను. ఆయన నాకు జిలేబీ పెట్టించాడు.

ఆలస్యం పాతబడితే ఆచారమవుతుందని అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నోట్‌బుక్‌లో రాసుకుంటే నేర్చుకున్నట్టేనని ఆ వయసులో నా నమ్మకం.

తార్‌బహార్ కేంద్రం

అదే ఊళ్ళో తార్‌బహార్ పేటలో రైల్వే కుటుంబాల సంక్షేమం కోసం ఒక సంఘం టైపింగ్, కంప్యూటర్ నేర్పే కేంద్రం నడిపేది. రెండు గదులు. ముందు గదిలో బల్ల, బీరువా. వెనక గదిలో పన్నెండు కంప్యూటర్లు. ఆ పన్నెండింటికీ డిస్కులు లేవు. మూలనున్న ఒక పెద్ద మెషిన్ నుంచి నెట్‌వర్క్ ద్వారా అన్నీ లేస్తాయి. అంటే పెద్ద మెషిన్‌లో నెట్‌వర్క్ కార్డు పడుకుంటే పన్నెండూ పడుకుంటాయి.

కేంద్రం ఇన్‌చార్జి సింహాచలం గారు. విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. రైల్వేలో కాల్‌మ్యాన్‌గా చేసి రిటైరైన మనిషి. కాల్‌మ్యాన్ అంటే సెల్‌ఫోన్లు లేని రోజుల్లో పుస్తకం పట్టుకుని క్వార్టర్ల వెంట తిరిగి, గార్డులకూ డ్రైవర్లకూ తలుపు కొట్టి, "ఫలానా బండికి మీకు డ్యూటీ" అని సంతకం తీసుకునేవాడు. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే: సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపాలి. ఆపి, తలుపుకు తాళం వేసి, తాళాన్ని మూడుసార్లు లాగి చూసి వెళ్ళేవాడు.

అక్కడ నేర్చుకునేవాళ్ళలో పైడమ్మక్క ఒకామె. భర్త పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. కామెర్లతో పోయాడు. ఆయన ఉద్యోగం బదులు ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. టైపింగ్ సర్టిఫికెట్ చూపించి గడువులోగా ఉత్తర్వు తీసుకుంటే ఆఫీసులో, లేకపోతే పట్టాల మీద గ్యాంగ్‌లో. ఆమె ఎడమ మోకాలు సరిగా వంగదు.

"పట్టాల మీద వంగోలేను బాబూ. కుర్సీ అయితే అదే వంగుతాది" అనేది.

అందరికంటే ముందు కేంద్రానికి వచ్చేది ఆమే. అందుకే పెద్ద మెషిన్‌ను లేపే పని ఆమెకు వచ్చింది. లేపే పద్ధతి కూడా ఆమె కనిపెట్టిందే. నేను చెప్పబోయే పరీక్షకు రెండు నెలల ముందు నేను ఆ మెషిన్‌లో లినక్స్ కెర్నెల్‌ను కొత్తదానికి మార్చాను. పాతదానిలో కార్డు ఫర్మ్‌వేర్ కెర్నెల్‌లోనే కలిసి ఉండేది. కొత్తదానిలో విడిగా ఇచ్చారు. నేను చూసుకోలేదు. మర్నాటి నుంచి కార్డు లేవలేదు. నేను రాయగఢ్‌లో వేరే పనిలో ఉన్నాను. ఆ వారంలో పైడమ్మక్క దేన్ని లేపాలో మొదట్లో అడిగే మెనూలో పొరపాటున పైనున్న విండోస్ నొక్కింది. అది ఎప్పుడో పాత ఇంజినీరు వేసి వదిలేసినది. భయపడి వెంటనే రీస్టార్ట్ చేసి లినక్స్‌లోకి వచ్చింది. పన్నెండు కంప్యూటర్లూ లేచాయి.

అప్పటినుంచీ అదే పద్ధతి. రోజూ ముందు విండోస్, దాని గంట మోగేదాకా ఆగడం, తర్వాత రీస్టార్ట్, తర్వాత లినక్స్.

నేను వచ్చి చూసి నవ్వాను. "ఇదేం పూజ అక్కా?"

"పూజేటి బాబూ? పెద్దోడు ముందు నేచి ఆ కార్డుకి ఏటో సెప్తాడు. సిన్నోడొచ్చేసరికి అది యాదుంటాది. కరెంటు తీసీస్తే మర్సిపోతాది. అందుకే ఆపకుండా మళ్ళీ నేపాల."

ఇది అక్షరాలా నిజం. ఆమె చెప్పిన పెద్దోడు విండోస్. అది కార్డుకు ఫర్మ్‌వేర్ ఇస్తుంది. కరెంటు పోకుండా రీస్టార్ట్ చేస్తే కార్డు మరిచిపోదు. లినక్స్ వచ్చి చూసి, ఇది ముందే లేచి ఉందే అనుకుని ఊరుకుంటుంది. నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివిన నేను దాన్ని మూఢనమ్మకం కింద రాసుకున్నాను.

నేను శుభ్రం చేసిన రోజు

టైపింగ్ పరీక్ష శనివారం. రాయ్‌పూర్ నుంచి పరీక్షాధికారి వస్తాడు. పరీక్ష అక్కడికక్కడే, సర్టిఫికెట్ సంతకం అక్కడికక్కడే. పైడమ్మక్క గడువు సోమవారం. ఈ శనివారం తప్పితే మళ్ళీ పరీక్ష ఆరు నెలలకు.

బయటి అధికారి ముందు ఈ రెండుసార్లు లేపే తతంగం నాకు పరువు తక్కువ అనిపించింది. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. చేసిన పనులు వరసగా ఇవి: ఫర్మ్‌వేర్ ఫైలు తెచ్చి డిస్కులో పెట్టాల్సిన చోట పెట్టాను. రీస్టార్ట్ చేశాను, కార్డు లేచింది. మళ్ళీ చేశాను, లేచింది. మూడోసారీ లేచింది. చోటు దండగని విండోస్‌ను తుడిచేశాను. పాత కెర్నెళ్ళనూ తుడిచేశాను. మెనూలో ఒకే ఒక్క పేరు మిగిలింది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో.

"బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావు బాబూ?" అంది పైడమ్మక్క. "రేపు దాటినాక కెలుక్కో."

"ఇప్పుడే అసలు బాగు చేశానక్కా. మూడుసార్లు చూశాను."

"ఆపి సూసినావా?"

"రీస్టార్ట్ అంటే ఆపి లేపడమేగా."

చదువుకున్నవాడు చెబుతున్నాడని ఊరుకుంది. చదువుకున్నవాళ్ళు చేసే నష్టంలో సగం ఈ ఊరుకోవడం వల్లే జరుగుతుంది.

సాయంత్రం సింహాచలం గారు మెయిన్ స్విచ్ ఆపి, తాళం మూడుసార్లు లాగి వెళ్ళిపోయారు.

శనివారం

పొద్దున్న తొమ్మిదిన్నరకు స్విచ్ వేశాను. తెర మీద అక్షరాలు పరుగెత్తి, కార్డు దగ్గర ఆగాయి. అరవై సెకన్లు. "దొరకలేదు." తర్వాత మిగతాదంతా చక్కగా లేచింది, కార్డు తప్ప.

ఫైలు ఉంది. సరైన చోటే ఉంది. నేనే పెట్టాను. తెరిచి చూశాను కూడా. మళ్ళీ రీస్టార్ట్. మళ్ళీ అరవై సెకన్లు, మళ్ళీ అదే వాక్యం. నిన్న మూడుసార్లు లేచినప్పుడు కార్డుకు ఫర్మ్‌వేర్ ఇచ్చింది నా ఫైలు కాదనీ, పొద్దున్న పైడమ్మక్క లేపిన విండోస్ అనీ నాకు అప్పుడు తట్టింది. నేను చూసింది బాగుపడిన మెషిన్‌ను కాదు, వెచ్చగా ఉన్న మెషిన్‌ను.

పైడమ్మక్క నా భుజం వెనక నిలబడి ఉంది. "పెద్దోణ్ణి నేపు బాబూ."

"లేదక్కా."

"నేకపోడం ఏటి? ఎక్కడికెల్లాడు?"

"తుడిచేశాను."

బియ్యంలో రాయి వచ్చిందన్నంత మామూలుగా, "అయితే సోమారం నుంచి గ్యాంగ్‌కి ఎల్లాల నాను" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

పదికి పరీక్షాధికారి వచ్చేశారు. గుంటూరు వైపు మనిషి, రావుగారు. కుర్చీలో కూర్చోకముందే గడియారం చూశారు.

"మొదలెడదామా అండీ? ఒంటిగంటకి నా బండి. పదకొండుకి మొదలవకపోతే 'పరీక్ష జరగలేదు' అని రాసేసి పోతానండీ. మొహమాటం లేదు."

సింహాచలం గారు నా మొహం ఒక్కసారి చూశారు. రావుగారి చేయి పట్టుకుని ముందు గదిలోకి తీసుకుపోయారు. "తమరు పెయానం సేసొచ్చినారు. ముందు అటుకుల పోహా తినండి బాబూ."

"తినొచ్చానండీ."

"రాయ్‌పూర్‌లో తిన్నది రాయ్‌పూర్‌కే. ఇది బిలాస్‌పూర్ పోహా."

వెనక గదిలో పన్నెండు మంది నల్లటి తెరల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు తెలిసిన దారులు మూడు. విండోస్ మళ్ళీ వేయడం: సీడీ లేదు. పాత కెర్నెల్ తేవడం: తుడిచేశాను. కొత్త కెర్నెల్‌ను ఫర్మ్‌వేర్ కలిపి తయారు చేయడం: మూడు గంటలు పడుతుంది. మా యజమాని మూర్తిగారికి ఫోన్ చేశాను. వరంగల్ మనిషి, ఎక్కువ మాట్లాడరు.

"ఏం జేసినవ్ రవీ?"

చెప్పాను.

"పూరా తుడిచినవా? శభాష్. నేనొచ్చి ఏం జెయ్యాలె, ఏడ్వాల్నా? ఆలోచించు" అని పెట్టేశారు.

ముందు గదిలో పోహా అయింది. జిలేబీ అయింది. గారెల్లాంటి ఉద్దిపప్పు బరా వచ్చింది. రావుగారి గొంతు సన్నబడుతోంది. "ఇక చాలండీ... పదీ ముప్పావు అయిందండీ..." సింహాచలం గారు ఆయన్ను లేవనివ్వకుండా తన సర్వీసు కథలు ఎత్తుకున్నారు. తలుపు తీసే ఉంది. అన్నీ వినబడుతున్నాయి.

"కొత్తగా సేరిన రోజుల్లో బాబూ, ఒక గార్డుగారికి కాల్ ఇవ్వడానికి ఎల్లాను. తలుపు కొట్టాను. పలకనేదు. పుస్తకంలో 'ఇంట్లో నేరు' అని రాసీసి వొచ్చీసినాను. మా అయ్య ఒక్క కేకేసినాడు. 'ఓరి ఎర్రోడా, పొద్దున్నే మంగలి దగ్గిరికెల్లుంటాడు. ఈపాటికి వొచ్చీసుంటాడు. ఒక్కసారి రాసీసినావని ఆడు నేకుండా పోతాడేటి? మళ్ళీ ఎల్లి కొట్టు!' అన్నాడు. ఎల్లాను. గార్డుగారు ఇంట్లోనే ఉన్నారు, సగం గెడ్డంతోటి."

రావుగారు నవ్వారు. నేను నవ్వలేదు. తెర మీదున్న "దొరకలేదు" అన్న వాక్యాన్ని చూస్తున్నాను.

ఆ వాక్యం రాసినప్పుడు డిస్కు తెరవలేదు. ఇప్పుడు తెరిచే ఉంది. ఫైలు ఇంట్లోనే ఉంది. తలుపు ఎవరూ మళ్ళీ కొట్టలేదు, అంతే. నడుస్తున్న మెషిన్‌లోనే ఒక పరికరాన్ని దాని ప్రోగ్రాం నుంచి విడదీసి, మళ్ళీ అప్పగించే వీలు కెర్నెల్‌లో ఉంది. ఎప్పుడో చదివాను, ఎప్పుడూ వాడలేదు. రెండు వాక్యాలు టైప్ చేయాలి. మొదటిది విడదీసేది. రెండోది అప్పగించేది. రెండోదాన్ని మూడుసార్లు తప్పు కొట్టాను.

"నాను కొట్టనా?" అంది పైడమ్మక్క. "నువ్వు సెప్పు."

నేను చదివాను, ఆమె కొట్టింది. చుక్క పోకుండా, గీత పోకుండా. ఎంటర్ నొక్కింది.

కార్డు మీద పచ్చ దీపం వెలిగింది.

పన్నెండు తెరలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. పదకొండుకు ఇంకా నాలుగు నిమిషాలు ఉంది. సింహాచలం గారు తొంగి చూసి, రావుగారితో, "ఇంక లెగండి బాబూ, ఎంతసేపు తింటారు?" అన్నారు.

తర్వాత

ఆ మధ్యాహ్నమే కూర్చుని, ఫర్మ్‌వేర్‌ను కెర్నెల్‌లోనే కలిపి తయారు చేశాను. అప్పుడు డిస్కు తెరవకముందే అది చేతిలో ఉంటుంది. ఈసారి పరీక్షించింది నేను కాదు, సింహాచలం గారు. మెయిన్ స్విచ్ ఆపి, బీడీ పూర్తయ్యేదాకా ఆగి, మళ్ళీ వేశారు. లేచింది. మూర్తిగారు వచ్చి చూసి ఒక్కటే మాటన్నారు: "ఆమె ఎందుకు రెండుసార్లు లేపుతున్నదో నిన్ననే అడిగుంటే అయిపోతుండె." ఏడేళ్ళలో నా మీద వచ్చిన తీర్పుల్లో అంతకంటే న్యాయమైనది లేదు.

కాబట్టి నా జాబితాలో మిగిలిన రెండూ ఇవి. చల్లార్చి లేపి చూడనిదాన్ని బాగైందని చెప్పకండి. ఎవరైనా మెషిన్‌తో వింతగా ఏదో చేస్తుంటే నవ్వేముందు ఎందుకని అడగండి. సమాధానం మీ చదువుకంటే పెద్దదై ఉండొచ్చు.

పైడమ్మక్క పాసైంది. సోమవారం సర్టిఫికెట్ పట్టుకుని రైల్వే ఆఫీసుకు వెళ్ళింది. తోడుగా నన్ను తీసుకెళ్ళింది. తుడిచేసినవాడివి నువ్వే కాబట్టి కడదాకా నువ్వే రావాలంది. బల్ల వెనకున్న అధికారి కాగితాలన్నీ చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. కానీ ఉత్తర్వు టైప్ చేసే మనిషి సెలవులో ఉన్నాడట. రేపు రమ్మన్నారు.

"రేపటికి గడువు దాటిపోతాదండీ" అంది పైడమ్మక్క.

"నన్నేం చేయమంటావమ్మా? టైప్ చేసేవాళ్ళు లేరు."

పైడమ్మక్క సర్టిఫికెట్‌ను బల్ల మీద ఆయన వైపు ఇంకొంచెం జరిపింది. "ఇది మరేటికి తెచ్చినానండీ?"

ఆయన సర్టిఫికెట్ చూశారు, ఆమెను చూశారు, మూలనున్న కంప్యూటర్‌ను చూశారు. పాత ఉత్తర్వు ఒకటి తీసి నమూనాగా ఇచ్చారు. ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుంది, ఎడమ కాలు ముందుకు చాపుకుని. పదిహేను నిమిషాల్లో తన నియామక ఉత్తర్వును తానే టైప్ చేసి, ప్రింటు తీసి సంతకానికి పెట్టింది.

ఆయన సంతకం పెట్టబోతూ ఆగారు. కాగితం కింద ఎడమ మూలన టైప్ చేసినవాళ్ళ పొడి అక్షరాలు ఉండాలట.

"ఎవరివి ఎయ్యాలండీ?" అని అడిగింది. "నానింకా మీ మనిషిని కాదు కదా."

"సంతకం నేను పెడతాను గదమ్మా" అన్నారాయన. పెట్టి, కాగితం తిప్పి ఆమె ముందుంచారు. ఆమె తన పొడి అక్షరాలు రాసింది.